అంటించిన పొరలు విప్పే యంత్రం

చిత్తూరు తోటల్లో కాసే కలెక్టరు మామిడిలో పెద్ద వాటా గుజ్జు ఫ్యాక్టరీలకే పోతుంది. ఆ గుజ్జుతో చేసిన జ్యూసు విశాఖ రుషికొండలో ఫ్రిజ్ లేని కిళ్లీ కొట్టులో కూడా నెలల తరబడి పాడవకుండా ఉంటోందంటే ఆ ఘనత అట్టడబ్బాది. 1985లో ఫ్రూటీతో మనకు పరిచయమైన ఈ డబ్బా పైకి ఒట్టి అట్టలానే కనిపిస్తుంది గానీ, ఉన్నవి ఆరు పొరలు. బరువులో ముప్పాతిక వంతు కాగితం, అయిదో వంతు పాలిథిలిన్, మిగతా నాలుగైదు శాతం అల్యూమినియం. ఆ రేకు మందం మిల్లీమీటరులో నూటయాభయ్యో వంతు. వెలుతురునీ గాలినీ అడ్డుకునేది అదే.

స్వీడన్‌లోని లుండ్‌లో ఎరిక్ వాలెన్‌బెర్గ్ 1944లో నాలుగు ముఖాల కాగితపు పొట్లాన్ని ఊహించాడు. దాన్ని నమ్ముకుని రూబెన్ రౌసింగ్ 1951లో టెట్రా పాక్ కంపెనీ పెట్టాడు. మొదట మీగడ, ఆ తర్వాత పాలు, 1961కల్లా సూక్ష్మజీవులు చొరబడకుండా నింపే యంత్రం. ఇంతమంది ఇంజనీర్లు తలలు బద్దలు కొట్టుకున్నది పొరలు ఊడకుండా ఉండాలనే. ఊడదీసే పని ఎవరిదన్న ప్రశ్న చాలా ఏళ్లకు గానీ రాలేదు.

ఊడదీసే యంత్రం కాగితం మిల్లుల్లో, వేరే పని మీద పుట్టింది. గుడ్డపీలికలను గుజ్జు చేసే హాలండర్ బీటర్ 17వ శతాబ్దం నాటిది. దాని వంశంలో అమెరికన్ కంపెనీ బ్లాక్ క్లాసన్ 20వ శతాబ్దంలో ప్రచారంలోకి తెచ్చిన తొట్టి హైడ్రాపల్పర్. చిత్తుకాగితాలను మళ్లీ గుజ్జు చేయడానికి వాడేవారు. 1971లో ఒహాయోలోని ఫ్రాంక్లిన్ అనే ఊళ్లో దానికి ఓ పెద్ద పరీక్ష పెట్టారు. ఊరి చెత్త మొత్తం, సీసాలూ తిండీ సహా, అందులో పోసి కాగితపు నారను వేరు చేశారు. ఆ ధైర్యం చూస్తే ముచ్చటేస్తుంది. ఆ వాసన మాత్రం తలచుకోకపోవడమే మంచిది.

పల్పర్‌ను పేద్ద మిక్సీ అనుకోవచ్చు. నీళ్లు నిండిన ఉక్కు తొట్టి, అడుగున గిర్రున తిరిగే రోటరు. కాకపోతే దాని రెక్కలకు పదునుండదు. పదునుంటే ప్లాస్టిక్ కూడా తునాతునకలై గుజ్జులో కలిసిపోతుంది. డబ్బా ముఖం మీద ప్లాస్టిక్ ఉంది కాబట్టి నీళ్లు అటునుంచి దూరలేవు, చిరిగిన అంచుల నుంచే లోపలికి పాకుతాయి. తడిసిన నార ఉబ్బుతుంది, ప్లాస్టిక్ ఉబ్బదు. అక్కడే పట్టు సడలుతుంది. సుడిలో ముక్కలు ఒకదాన్నొకటి రాసుకుని నారను వదిలించుకుంటాయి. ఇరవై ముప్పై నిమిషాలు, ఒక్క రసాయనమూ అక్కర్లేదు. చిల్లుల పళ్లెం గుండా గుజ్జు కిందికి దిగిపోతుంది, రేకు అంటిన ప్లాస్టిక్ పైన మిగులుతుంది. ఇంట్లో పాలడబ్బా ముక్కొకటి కత్తిరించి రాత్రంతా నానబెట్టి బొటనవేలితో రుద్దితే, కాగితం పేలికలుగా ఊడి, వెండిలా మెరిసే పలచని పొర చేతిలో మిగులుతుంది.

ఈ నార పొడవైనది, అంతకుముందు వాడనిది. పాత న్యూస్‌పేపరు నార ఒకటికి నాలుగుసార్లు గుజ్జయి పొట్టిబడి ఉంటుంది. అందుకే అట్టపెట్టెల మిల్లులకు ఈ గుజ్జంటే మోజు.

చిక్కంతా మిగిలిన పొరతోనే. బ్రెజిల్‌లోని పిరాసికాబాలో 2005లో ప్లాస్మా వేడితో ప్లాస్టిక్‌ను ఆవిరి చేసి పారఫిన్‌గా మార్చి, అల్యూమినియాన్ని దిమ్మలుగా పోశారు. మన దేశంలో పద్ధతి తేలిక: రెండూ కలిపి తురిమి వేడి ప్రెస్సులో నొక్కడమే. కరిగిన పాలిథిలినే జిగురవుతుంది. అలా చేసిన పలకలు పైకప్పు రేకులయ్యాయి, 2010 తర్వాత ముంబైలో బడి బెంచీలూ అయ్యాయి. బెంచీలు మంచివే. అయితే లోపలి లోహం మళ్లీ లోహంగా తిరిగిరాదు.

విశాఖలో ఉన్నవాళ్లకు ఆ లోహం చవకైనదేం కాదు. ఒడిశాలోని దమన్‌జోడిలో నాల్కో కంపెనీ బాక్సైట్ నుంచి తీసిన అల్యూమినా రైల్లో మన పోర్టుకొచ్చి ఓడలెక్కుతుంది. మన్యంలో గాలికొండ, జెర్రెలలో బాక్సైట్ కోసం తవ్వుతామంటే ఆదివాసీలు ఏళ్ల తరబడి అడ్డం నిలిచారు. 2019లో రాష్ట్ర ప్రభుత్వం తవ్వకాల అనుమతులు రద్దు చేసింది. కిలో అల్యూమినియానికి నాలుగైదు కిలోల బాక్సైట్, పద్నాలుగు యూనిట్ల దాకా కరెంటు కావాలి. పాతదాన్ని కరిగిస్తే అందులో ఇరవయ్యో వంతు శక్తి చాలు. టన్ను డబ్బాల్లో ఉన్న అల్యూమినియం నలభై, యాభై కిలోలు.

అయినా పాత సామాన్ల కొట్టుకు పట్టుకెళ్తే బీరు డబ్బాకు ధర కడతారు, అట్టపెట్టెకు కడతారు, ఈ జ్యూసు డబ్బాను చూసి మాత్రం “ఇది నడవదు బాబూ” అంటారు. వాళ్ల తప్పేం లేదు, కొనే మిల్లు దగ్గర్లో ఉండాలి కదా. తడిచెత్తలో కలిసినవి విశాఖ చెత్త చేరే కాపులుప్పాడ యార్డుకు పోతే, అక్కడ 2022లో మొదలైన 15 మెగావాట్ల ప్లాంటులో కాలి కరెంటవుతాయి. నారా పోతుంది, రేకూ బూడిదపాలవుతుంది. అదే ఏడాది ఫిబ్రవరిలో కేంద్రం తెచ్చిన నిబంధనలు ఇలాంటి పొరల ప్యాకింగును వెనక్కి సేకరించడంలో కంపెనీలకు లక్ష్యాలు పెట్టాయి. జులైలో ప్లాస్టిక్ స్ట్రాలు నిషేధించడంతో డబ్బాకు అంటించే స్ట్రా కాగితంది అయింది.

ఈ డబ్బాలు తీసుకున్న మిల్లులు గుజరాత్‌లోని వాపి, ఉత్తరాఖండ్‌లోని ఖతీమా లాంటి దూరప్రాంతాల్లో ఉన్నాయి. అంత దూరం లారీ కట్టాలంటే డబ్బాలో చుక్క మిగలకూడదు, లేకపోతే దారిలోనే పులిసి కంపు కొడుతుంది. మూలలు విప్పి, చదును చేసి, ప్రెస్సులో బేళ్లు కట్టాలి. ఉన్నవున్నట్టు ఎక్కిస్తే బాడుగ కట్టేది గాలికే.