అటక మీది కెమెరా లక్షలు తెస్తుందా?

మొన్న మా బావమరిది రాజమండ్రి వస్తూ ఒక తోలు కేసు తెచ్చాడు. లోపల వాళ్ల నాన్నగారి ఆగ్ఫా క్లిక్ త్రీ. “బావగారూ, పాత కెమెరా ఒకటి వంద కోట్ల పైన పలికిందంటండి. దీనికి ఓ లక్షయినా రాదంటారా?” అన్నాడు. కాఫీ ఇచ్చి కూర్చోబెట్టాను.

అపోహ: పాతదైతే చాలు, ధర పలుకుతుంది.

వంద కోట్ల మాట నిజమే. 2022 జూన్‌లో జర్మనీలోని వెట్‌జ్లార్ వేలంలో ఒక లైకా 1.44 కోట్ల యూరోలకు పోయింది. అయితే అది మార్కెట్లోకి రాకముందు, 1923 ప్రాంతంలో నమూనాగా చేసిన పాతిక దాకా కెమెరాల్లో ఒకటి. పైగా లైకాను రూపొందించిన ఆస్కార్ బార్నాక్ సొంతానికి వాడుకున్నది. వ్యూఫైండర్ మీద ఆయన పేరు చెక్కి ఉంది. అదే వరసలోని ఇంకో కెమెరాకు 2018లో వచ్చింది 24 లక్షల యూరోలు. వయసు ఒకటే, వాడిన చెయ్యి వేరు.

మావాడి కెమెరా బరోడాలో తయారైంది. 120 రీలు వేస్తే 12 ఫోటోలు. ఒకప్పుడు మధ్యతరగతి ఇళ్లలో ఎక్కడ చూసినా ఇదే. అందరి దగ్గరా ఉన్నదానికి లక్ష ఎవరిస్తారు?

అపోహ: లైకా అని చెక్కి ఉంటే లైకాయే.

సోవియట్ ఫెడ్, జోర్కీ కెమెరాలు లైకాకు నకళ్లు. వాటి పేరు చెరిపి, లైకా అని చెక్కి, జర్మన్ సైన్యం గుర్తులు వేసి అమ్మడం ఎప్పట్నించో ఉన్న వ్యాపారం. లెన్సు మర తిప్పి ఊడదీసి లోపల పైవైపు చూడండి. అసలుదానిలో లెన్సు వెనకభాగం ఆనే చోట చిన్న చక్రం ఉంటుంది. నకళ్లలో చాలావాటికి ముక్కులాంటి లోహపు ముక్క ఉంటుంది. బంగారు రంగు ఎంత మెరిస్తే అంత అనుమానించండి.

నల్లగుడ్డ కప్పుకుని తీసే టేకు కెమెరాలన్నీ సీమవే అనుకోవడమూ పొరపాటే. కేరళలోని అలెప్పీలో చేసిన వాగీశ్వరి కెమెరాలు దేశంలో ఎన్నో స్టూడియోలకు చేరాయి. నాకైతే అవే ముద్దు. లండన్‌ది అని చెప్పి అమ్మితే మాత్రం కొనకండి.

అపోహ: తోలు కేసులో వేసి బీరువాలో పెడితే భద్రం.

గోదావరి జిల్లాల్లో అసలు నష్టం ఇక్కడే. 1986 వరదలోనో, 1996 తుఫానులోనో మునగక్కర్లేదు, ఏటా పట్టే ముసురు చాలు. తోలు చెమ్మను పీల్చుకుని వదలదు. చీకటి, కదలని గాలి తోడైతే బూజుకి పండగే. కొనేముందు, లోపల రీలు లేదని తేల్చుకున్నాక, వెనక మూత తెరిచి షట్టర్‌ని ‘బి’లో పెట్టి, మీట నొక్కి పట్టుకుని లెన్సులోంచి టార్చి వేయండి. సాలెగూడులా పాకిన సన్నని తీగలు కనిపిస్తే వదిలేయండి. ఆ బూజు వదిలే ఆమ్లం అద్దం మీది పూతను తినేస్తుంది, తుడిచినా మచ్చ పోదు. గాలి చొరని డబ్బా, అందులో సిలికా జెల్, తేమ 40–50 శాతం: దాచే పద్ధతి ఇది. బియ్యం డబ్బాలో మాత్రం పెట్టకండి, ఆ పొడి షట్టర్లో చేరుతుంది.

అపోహ: బంగారంలా ఎప్పుడంటే అప్పుడు అమ్ముకోవచ్చు.

బంగారం ధర రోజూ పేపర్లో వస్తుంది, ఏ ఊళ్లోనైనా కొంటారు. కోనసీమ కొబ్బరితోట దింపు ఇస్తుంది. కెమెరా దింపూ ఇవ్వదు, వడ్డీ ఇవ్వదు, కొనేవాడు దొరికే దాకా దానికి ధరే లేదు. దొరికినా మధ్యలో ఖర్చులుంటాయి. వెట్‌జ్లార్‌లో పాట ఆగింది 1.2 కోట్ల యూరోల దగ్గర. మిగతా 24 లక్షలు వేలంవాళ్ల రుసుము. అంటే 2018లో ఒక కెమెరాకే వచ్చినంత! ఇక “మీ కెమెరా కొంటాం, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి” అని ఫోన్ వస్తే అది రైస్ పుల్లింగ్ మోసం బాపతే. డబ్బు కట్టేసి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

“అయితే పాత సామాన్ల వాడికి ఇచ్చేయనా బావగారూ?” అన్నాడు మావాడు. కెమెరా వెనక్కి తిప్పాను. చిన్న ఎర్ర కిటికీలో 7 అంకె కనిపించింది. ఏడో ఫోటో దగ్గర ఆగిపోయిన రీలు లోపలే ఉంది.

మీ అటక మీదా ఇలాంటిది ఉంటే మూత తెరవకముందు ఆ కిటికీ చూడండి. అంకె కనిపిస్తే తెరవకండి, నలుపు తెలుపు రీళ్లు కడిగేవాళ్లకు అలాగే ఇవ్వండి.