నగరపాలనము – విదేశమైత్రి

చాంద్రాయణగుట్టనుండి శంషాబాదు విమానాశ్రయమునకు పోవు బాట పహాడీ షరీఫు గుట్టప్రక్కగా జల్‌పల్లి నానుకొని సాగును. హద్రమౌత్‌నుండి వచ్చి నిజాము కొలువున చేరిన అరబ్బు సిపాయిల సంతతివారు పొరుగుననే బార్కస్‌లో నివసించుచుండగా, బర్మానుండి తరుమబడిన రోహింగ్యాలు బాలాపూరు చుట్టుపట్ల గుడిసెలలో తలదాచుకొనుచుండగా, గల్ఫు సొమ్ముతో ఎన్నియో ఇండ్ల పొయ్యి వెలుగుచుండగా, విదేశ సంబంధమనునది ఇచ్చటివారికి క్రొత్త కాదు. పన్నుల సొమ్ము వెచ్చించి నగరపాలకులే ఆ సంబంధములు నెరపుట ఉచితమా యన్నది మాత్రము విచారింపదగిన ప్రశ్న.

రాజ్యాంగము విదేశ వ్యవహారములను కేంద్ర జాబితాలో చేర్చినది. 74వ సవరణ పురపాలక సంఘములకు సూచించిన 18 విధులలో నీరు, పారిశుద్ధ్యము, వీధిదీపములు, శ్మశానములు కలవు గాని దౌత్యము లేదు. అయినను హైదరాబాదు 2010లో బ్రిస్బేనుతో సోదరనగర బాంధవ్యము నెలకొల్పుకొనినది. 2014 అక్టోబరులో మహానగరముల అంతర్జాతీయ సంఘమగు మెట్రోపొలిస్ ప్రపంచ మహాసభకు ఆతిథ్యమొసగినది. అందరికొరకు నగరములన్నది ఆ సభ నినాదము. మిక్కిలి ఉదాత్తమైన మాటయే. కాని 2016లో పురపాలక సంఘమైన జల్‌పల్లిలో, 2020 అక్టోబరు వానలకు చెరువు పొంగి ఉస్మాన్‌నగరు ఇండ్లలో చొచ్చిన నీరు నెలల తరబడి కదలలేదు. చెరువు నీరు నిలుచు శిఖము భూములలో ఇండ్లు లేచి, నాలాలు పూడిపోయిన చోట నీటికి దారి ఏది?

ఇట్టి ప్రశ్నకు పరదేశములలో సమాధానము వెదకుట వ్యర్థమని నేననను. 1908 మూసీ వరద పిదప నిజాము ప్రభుత్వము ఇంజనీరు విశ్వేశ్వరయ్యగారిని ఆహ్వానించిననాడు ఆయన ఐరోపాలో పర్యటించుచుండిరి. లోకము చూచిన ఆ బుద్ధి ఫలితముగనే 1920లో ఉస్మాన్‌సాగరును, 1927లో హిమాయత్‌సాగరును వెలసి నగరమును కాచినవి. నేడు రాటర్‌డామ్ నగరములో ఒక కూడలిని పల్లముగా నిర్మించి, ఎండ కాయునపుడు పిల్లలకు ఆటస్థలముగను, జడివాన కురిసినపుడు నీటిని నిలుపు తొట్టిగను వాడుచున్నారు. అది కన్నులార చూచి, కొలతలు వ్రాసికొని, దానిని మరమ్మతు చేయు పనివారితో మాటాడి వచ్చిన ఇంజనీరువలన బస్తీకి కలుగు మేలు, సన్మానపత్రములు మార్చుకొని వచ్చిన బృందమువలన కలుగదు.

కావున వెచ్చింపవలసినదే, అయితే ప్రయాణమగు బృందములో శాలువాలు కప్పించుకొను పెద్దలకంటె ముందు నాలాల నెరిగిన ఇంజనీరునకును, పారిశుద్ధ్యపు తనిఖీదారునకును చోటుండవలెను. తిరిగివచ్చిన నెలలోగా వారు చూచినదేమో, ఇచ్చట చేయదలచినదేమో, ఖర్చయినదెంతయో తెలుగులోను ఉర్దూలోను వ్రాసి వార్డు కార్యాలయపు గోడకు అంటింపవలెను.