కుంగుబాటు మందు మారేటప్పుడు కలిగే ఇబ్బందులు

కుంగుబాటుకు, అంటే డిప్రెషన్‌కు, మొదట ఇచ్చిన మందే అందరికీ సరిపడదు. కొన్ని వారాలు వాడినా గుణం కనిపించకపోవడం, బరువు పెరగడం, లైంగిక ఆసక్తి తగ్గడం, మరో జబ్బుకు వాడుతున్న మందుతో పొసగకపోవడం వంటి కారణాలతో వైద్యులు ఒక మందును తగ్గించి మరొకదానిని మొదలుపెడతారు. ఈ మార్పు జరిగే కొద్ది వారాలలోనే చికిత్సకు దూరమయ్యేవారు ఉన్నారు. కొత్త మందు పడలేదని కొందరు, పాత జబ్బు తిరగబెట్టిందని మరికొందరు, మందుకు బానిసలమైపోయామని ఇంకొందరు భావిస్తారు. ఈ మూడూ కాని కారణం ఒకటి ఉంది. పాత మందు శరీరాన్ని విడిచిపోతున్నప్పుడు కలిగే ప్రతిచర్య అది. వైద్యులు దానిని విత్‌డ్రాయల్ అంటారు. దానిని గుర్తించగలిగితే తరువాత ఏమి చేయాలన్నది చాలావరకు తేలిపోతుంది.

మెదడులోని నాడీకణాలు ఒకదానికొకటి సందేశాలు పంపుకోవడానికి వాడుకునే రసాయనాలలో సెరొటోనిన్ ఒకటి. కణం విడుదల చేసిన సెరొటోనిన్‌ను తిరిగి లోపలికి చేర్చుకునే ద్వారాలు ఆ కణానికే ఉంటాయి. ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్, పారాక్సెటిన్, ఫ్లూఆక్సెటిన్ వంటి మందులు ఆ ద్వారాలను మూసి ఉంచుతాయి. నెలల తరబడి అలా జరిగినప్పుడు మెదడు ఆ కొత్త స్థితికి తనను తాను సర్దుకుంటుంది. మందు హఠాత్తుగా ఆగితే ద్వారాలు కొద్ది రోజులలోనే తెరుచుకుంటాయి. మెదడు చేసుకున్న సర్దుబాటు మాత్రం అంత వేగంగా వెనక్కు పోదు. ఆ వ్యవధిలో కలిగేదే ఈ బాధ.

దీనిని వ్యసనమనడం సరికాదు. మద్యం విషయంలో ఉండే తహతహ ఇందులో లేదు. మోతాదు పెంచుకుంటూ పోవాలన్న కోరిక లేదు. రక్తపోటుకు వాడే కొన్ని మాత్రలను, దీర్ఘకాలం వాడిన స్టెరాయిడ్లను కూడా ఒక్కసారిగా ఆపకూడదు. వాటిని వాడేవారిని ఎవరూ వ్యసనపరులనరు. అలాగని ఈ బాధ లేనిదని కొట్టిపారేయడమూ తగదు. తొలితరం కుంగుబాటు మందు ఇమిప్రమిన్ 1950ల చివర వాడుకలోకి వచ్చిన కొద్ది కాలానికే, దానిని ఆపినప్పుడు కలిగే లక్షణాలను వైద్యులు నమోదు చేశారు. 1990ల ద్వితీయార్ధం నుంచి వైద్య పత్రికలలో దీనికి డిస్‌కంటిన్యుయేషన్ సిండ్రోమ్ అనే మెత్తని పేరు స్థిరపడింది. పేరు మెత్తనైనంత మాత్రాన బాధ మెత్తబడలేదు.

ఎలా ఉంటుంది, ఎంతకాలం ఉంటుంది

తల తిరగడం, వికారం, నిద్ర పట్టకపోవడం, పట్టినా కళ్ళకు కట్టినట్లు కలలు రావడం, చేతులు కాళ్ళు తిమ్మిరెక్కడం, ఊరకే చిరాకు, కారణం లేని కన్నీళ్ళు, జ్వరం లేని ఒళ్ళు నొప్పులు సాధారణంగా కనిపించే లక్షణాలు. వీటన్నింటికంటే ప్రత్యేకమైనది ఒకటుంది. కళ్ళు పక్కకు తిప్పినప్పుడో, తల తిప్పినప్పుడో తలలో కరెంటు షాకు కొట్టినట్లు ఒక్క క్షణం జివ్వుమంటుంది. వినడానికి భయంగా ఉన్నా ఇది మెదడుకు హాని జరిగినదానికి గుర్తు కాదు. రోగులు దీనిని చెప్పడానికి సిగ్గుపడతారు, చెబితే పిచ్చి అనుకుంటారేమోనని. నిజానికి వైద్యునికి అన్నింటికంటే ఎక్కువగా ఉపకరించే సమాచారం ఇదే, ఎందుకంటే కుంగుబాటులో ఈ లక్షణం సాధారణంగా ఉండదు.

అన్ని మందులూ ఒకే వేగంతో శరీరాన్ని విడిచిపోవు. రక్తంలో వెన్లాఫాక్సిన్ పరిమాణం సగానికి తగ్గడానికి సుమారు 5 గంటలు చాలు. శరీరంలో అది మారి ఏర్పడే పదార్థానికి 11 గంటలు పడుతుంది. పారాక్సెటిన్‌కు ఇంచుమించు ఒక రోజు. ఫ్లూఆక్సెటిన్ విషయంలో, దాని నుంచి ఏర్పడే పదార్థాన్ని కూడా కలుపుకుంటే, లెక్క రోజుల నుంచి వారాలకు మారుతుంది. అందుచేత మొదటి రెండు మందులను మానినప్పుడు ఇబ్బందులు త్వరగా, తీవ్రంగా వస్తాయి. ఫ్లూఆక్సెటిన్ తనంతట తానే మెల్లగా తగ్గుతుంది గనుక తక్కువగా వస్తాయి, ఆలస్యంగా వస్తాయి. రోజు విడిచి రోజు వేసుకుంటూ మందు తగ్గించుకోవచ్చన్న ఇరుగుపొరుగు సలహా త్వరగా విడిచిపోయే మందుల విషయంలో పనికిరాదు. అది రోజు మార్చి రోజు మందు మానడమే అవుతుంది.

ఇది ఎందరికి కలుగుతుంది? అనేక అధ్యయనాలను కలిపి చూసి 2024లో ప్రచురించిన ఒక విశ్లేషణలో, మందు మానినవారిలో 100కు సుమారు 31 మందికి ఏదో ఒక లక్షణం కనిపించింది. అసలు మందు లేని ఉత్తుత్తి మాత్రలు మానినవారిలోనూ 17 మందికి కనిపించింది. అంటే కొంత భాగం భయంతో, ఎదురుచూపుతో వచ్చేదే. తీవ్రమైన ఇబ్బంది సుమారు 35 మందిలో ఒకరికి కలిగింది. ఎక్కువమందికి ఒకటి రెండు వారాలలో సర్దుకుంటుంది. ఏళ్ళ తరబడి వాడినవారిలో కొందరికి నెలలు పట్టవచ్చు.

జబ్బు తిరగబెట్టడమా, మందు మానిన ప్రభావమా

కుంగుబాటు తిరగబెట్టడం కూడా నిజంగా జరిగేదే. దీర్ఘకాలం మందు వాడి కోలుకున్న 478 మందిపై బ్రిటన్‌లో జరిగిన అధ్యయనం 2021లో వెలువడింది. ఏడాది లోపల మందు మానినవారిలో 56 శాతం మందికి, కొనసాగించినవారిలో 39 శాతం మందికి జబ్బు తిరిగి వచ్చింది. కాబట్టి ప్రతి బాధనూ మందు మానిన ప్రభావమేనని సరిపెట్టుకోకూడదు.

తేడా తెలిపేవి ముఖ్యంగా తేదీలు. మోతాదు తగ్గించిన రెండు నుంచి నాలుగు రోజులలో మొదలైతే అది మందు ప్రభావం అయ్యే అవకాశం ఎక్కువ. జబ్బు వారాల మీద, మెల్లగా కమ్ముకుంటుంది. మొదటిదానిలో తల తిరగడం, షాకు, వికారం వంటి శారీరక బాధలు ముందుంటాయి; రెండవదానిలో ఆసక్తి చచ్చిపోవడం, తాను ఎందుకూ పనికిరాననే భావం ముందుంటాయి. పాత మోతాదును వైద్యుడు తిరిగి ఇచ్చినప్పుడు ఒకటి రెండు రోజులలో తేలికపడితే అది మందు ప్రభావమే. జబ్బు అంత త్వరగా లొంగదు. కొత్త మందు మొదటి రెండు వారాలలో కలిగించే వికారం, కంగారు కూడా ఇందులో కలిసిపోతాయి. అందుకే ఏ రోజున ఏ మాత్ర ఎంత తగ్గింది, ఏది మొదలైంది, ఏ బాధ ఎప్పుడు వచ్చింది అన్నది క్యాలెండరు గళ్ళలో రాసిపెట్టుకున్న కుటుంబం, వైద్యుని ఎదుట గంట సేపు వివరించినదానికంటే ఎక్కువ చెప్పగలుగుతుంది.

మార్పు ఏ పద్ధతిలో జరుగుతుందన్నది మందులను బట్టి ఉంటుంది. ఒకే కోవకు చెందిన రెండు మందుల మధ్య మార్పు తరచు సులభం. కొత్తది కూడా ఆ ద్వారాలనే మూస్తుంది గనుక మెదడుకు పెద్ద తేడా తెలియదు. సెర్ట్రలిన్ నుంచి మిర్టజపిన్‌కో, బ్యూప్రోపియాన్‌కో మారినప్పుడు ఆ రక్షణ ఉండదు. ఇవి ఆ ద్వారాల జోలికి పోవు. అందువల్ల పాతది మెల్లగా తగ్గుతూ, కొత్తది మెల్లగా పెరుగుతూ కొంతకాలం రెండూ కలిసి నడుస్తాయి. చీటీ మీద రెండు మందులు చూసి పొరపాటున రాశారనుకుని ఒకదానిని మానేయకూడదు.

తగ్గించడంలో చివరి మెట్టే ఎత్తైనది. సిటలోప్రామ్ 20 మిల్లీగ్రాములు దాదాపు 80 శాతం ద్వారాలను మూస్తే, 5 మిల్లీగ్రాములు కూడా 60 శాతానికి దగ్గరగా మూస్తాయి. అంటే 20 నుంచి 5కు రావడం కంటే, 5 నుంచి సున్నాకు రావడమే మెదడుకు పెద్ద మార్పు. సగం మాత్ర వరకు హాయిగా వచ్చి, ఇక ఇంతేగా అని ఆపినవారు అక్కడే పడిపోవడానికి కారణం ఇది. చివర్లో ఇంకా చిన్న మెట్లు కావాలని వైద్యుని అడగవచ్చు. కొన్ని మందులు చుక్కల రూపంలోనూ దొరుకుతాయి. నెమ్మదిగా కరిగేలా తయారుచేసిన మాత్రలను మాత్రం విరవకూడదు, నలపకూడదు.

స్ట్రిప్పు మీద చూడవలసినది

మన దేశంలో ఈ విషయానికి ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. ఎస్సిటలోప్రామ్, క్లోనజెపామ్ రెండూ కలిపిన మాత్రలు మందుల షాపులలో విరివిగా అమ్ముడవుతాయి. రోగి దానిని ఒకే మందుగా ఎరుగును. క్లోనజెపామ్ వేరే కోవకు చెందిన మందు. దానికి శరీరం నిజంగానే అలవాటు పడుతుంది. దీర్ఘకాలం వాడి ఒక్కసారిగా ఆపితే తీవ్రమైన ఆందోళన, నిద్రలేమి, ఒక్కొక్కసారి మూర్ఛ కూడా రావచ్చు. వైద్యుడు మందు మార్చినప్పుడు పాత స్ట్రిప్పును వెంట తీసుకుపోయి, అందులో క్లోనజెపామ్ ఉన్నదా, ఉంటే దానిని ఎలా తగ్గించాలి అని విడిగా అడగాలి.

పేర్ల గందరగోళం మరొకటి. ఒకే మందును అనేక కంపెనీలు వేర్వేరు పేర్లతో అమ్ముతాయి. బెంగళూరులో కొన్న స్ట్రిప్పు మీది పేరు అనంతపురంలోనో కర్నూలులోనో దొరకకపోవచ్చు. జనౌషధి కేంద్రంలో అదే మందు అసలు పేరుతో, తక్కువ ధరకు ఉంటుంది. పేరు మారినందున మందు మారిందని భయపడి మానేసినవారు, రెండూ వేర్వేరని తలచి రెండింతలు మింగినవారు, ఇద్దరూ ప్రమాదంలో పడతారు. స్ట్రిప్పు మీద చిన్న అక్షరాలలో ఉండే అసలు పేరును, మిల్లీగ్రాములను తెలుగులో ఒక కాగితం మీద రాసి ఉంచుకోవడం ఉత్తమం.

వలస కుటుంబాలలో మందు ఆగిపోవడం చాలాసార్లు ఎవరూ తలపెట్టి చేసినది కాదు. సంక్రాంతికి నాలుగు రోజులని ఊరికి వెళ్ళి పది రోజులు ఉండిపోతారు. సంచిలో మాత్రలు అయిపోతాయి. ఊళ్ళో అడిగితే అందరికీ తెలిసిపోతుందన్న జంకు. మందు మారుతున్న నెలలో ప్రయాణం ఉన్నదని వైద్యునికి ముందే చెబితే మార్పును వాయిదా వేయవచ్చు, లేదా ఎక్కువ రోజులకు రాయవచ్చు. బళ్ళారి జిల్లాలో 1980లలో నిమ్హాన్స్ నడిపిన ప్రయోగం నమూనాగా 1996లో దేశంలో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. ఆ కార్యక్రమం కింద ఆంధ్ర, తెలంగాణ జిల్లా ఆసుపత్రులలోనూ చూపించుకోవచ్చు. 2020 మార్చి నాటి టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం తమను లోగడ చూసిన వైద్యునితోనే ఫోనులో మాట్లాడి చికిత్స కొనసాగించుకునే వీలుంది. ఒక పూట మాత్ర మరచితే మరునాడు రెండు కలిపి వేసుకోకూడదు.

ఇబ్బంది ఉన్న రోజులలో మాత్రను రోజూ ఒకే వేళకు వేసుకోవాలి. వికారముంటే భోజనం తరువాత వేసుకోవడం మేలు. మద్యం పూర్తిగా మానాలి. తల తిరుగుతున్నప్పుడు ద్విచక్ర వాహనం నడపకూడదు. కట్టడాలపై ఎత్తున పనిచేసేవారు, యంత్రాల వద్ద నిలబడేవారు ఆ కొద్ది రోజులు కింది పని అడిగి తీసుకోవాలి. కారణం చెప్పనవసరం లేదు, తల తిరుగుతోందంటే చాలు. ఇంట్లోవారు ఆ చిరాకును మనిషి స్వభావంగా తీసుకోకుండా ఉంటే సగం భారం తగ్గుతుంది. దగ్గుకు, నొప్పికి షాపులో అడిగి తెచ్చుకునే మందులలో డెక్స్‌ట్రోమెథార్ఫాన్ ఉన్న సిరప్పులు, ట్రమడాల్ మాత్రలు ఈ మందులతో కలిస్తే సెరొటోనిన్ మితిమీరుతుంది. ఒళ్ళు వణకడం, కండరాలు బిగుసుకోవడం, చెమటలు, జ్వరం, విరేచనాలు, మాట తడబడి అయోమయం కలగడం దాని గుర్తులు. అప్పుడు ఇంట్లో ఆగకుండా 108కి ఫోను చేయాలి. వృద్ధులలో అయోమయం, నడకలో తూలు కనిపించినా రక్తంలో సోడియం తగ్గిందేమో పరీక్షించాలి. మందు మార్చిన తొలి వారాలలో, ముఖ్యంగా 25 ఏళ్ళలోపు వారిలో, చనిపోవాలన్న మాట వినిపిస్తే వారిని ఒంటరిగా వదలకూడదు.

వైద్యుని ఎదుట మాట కుదరకపోవడం మరో అడ్డంకి. ఏళ్ళుగా కన్నడంలో బేరాలాడేవారు కూడా లోపలి బాధను ఆ భాషలో చెప్పలేక నీరసం, గ్యాస్ అని సరిపెడతారు. తల తిరగడాన్ని తలె సుత్తు అని, వికారాన్ని వాకరికె అని, నిద్ర పట్టకపోవడాన్ని నిద్దె బరువుదిల్ల అని చెప్పవచ్చు. తలలో షాకును చెప్పేటప్పుడు కళ్ళు తిప్పినప్పుడు వస్తున్నదని కలిపి చెప్పాలి. లేకుంటే నిజంగా కరెంటు తగిలిందా అని అడుగుతారు. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీమానస్‌కు 14416 నంబరులో పగలు, రాత్రి ఉచితంగా ఫోను చేయవచ్చు. తెలుగులో మాట్లాడేవారు ఉంటారు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం తన చికిత్స వివరాల ప్రతిని కోరే హక్కు రోగికి ఉంది. నగరం మారేవారు, ఆసుపత్రి మారేవారు ఆ కాగితాలను ముందుగానే తీసుకోవాలి.

మార్పు పూర్తయిన తరువాత పాత మందు స్ట్రిప్పులు ఇంట్లో మిగులుతాయి. వాటిని దాచి ఉంచి ఏడాది తరువాత తామే మళ్ళీ మొదలుపెట్టడం, నిద్ర పట్టని బంధువుకు ఇవ్వడం ఇళ్ళలో జరిగే పనులే. రెండూ తగవు. వైద్యుడు పాతది ఇక అక్కరలేదని చెప్పిన రోజున వాటిని మందుల షాపువారిని అడిగి తిరిగి ఇచ్చివేయాలి; తీసుకోకపోతే పిల్లల చేతికి అందకుండా వేరే పొట్లం కట్టి చెత్త సేకరించేవారికి విడిగా అందించాలి.