చుక్క పెట్టిన మాట

తెర మీద పైన ఒక శీర్షిక, కింద వరసగా నల్ల చుక్కలు, ఒక్కో చుక్క పక్కన మూడు నాలుగు మాటలు. దీన్ని బుల్లెట్ పాయింట్ల జాబితా అంటారు. కలెక్టరేట్‌లో జరిగే సమీక్ష నుంచి ఇంజనీరింగ్ కాలేజీ సెమినార్ దాకా ఈ చుక్కలు లేని స్లైడు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోనూ అరుదే. పూర్తి వాక్యం రాయకుండానే విషయం చెప్పవచ్చునన్నది ఈ చుక్క ఇచ్చే వెసులుబాటు. దాన్ని ఎక్కడ వాడుకోవచ్చో తెలియాలంటే ముందు కిరాణా కొట్టు చీటీ చూడాలి.

కందిపప్పు కిలో, బెల్లం అరకిలో, చింతపండు పావుకిలో అని రాసిన చీటీలో ఒక్క క్రియాపదం ఉండదు. అయినా కొట్టువాడికి ఏ సందేహమూ రాదు. అన్ని సరుకులకూ క్రియ ఒక్కటే: కావాలి. బెల్లం పైకి, పప్పు కిందికి మార్చి రాసినా నష్టం లేదు. చింతపండు ఉండటానికి పప్పు కారణం కాదు. మంచి బుల్లెట్ జాబితా లక్షణాలు ఇవే. రాయని క్రియ ఒక్కటే అయి అన్ని పంక్తులకూ అతకాలి. పంక్తులు తారుమారైనా అర్థం చెడకూడదు. ఆ క్రియను శీర్షిక మోయాలి. "తుపానుకు ముందు ఇంట్లో సిద్ధం చేసుకోవలసినవి" అని పైన రాస్తే కింద టార్చిలైటు, మందులు, తాగునీరు, రేషన్ కార్డు అన్న మాటలు చాలు. "తుపాను – ఇల్లు" అని శీర్షిక పెడితే అవే నాలుగు మాటలు దిక్కులేకుండా నిలబడతాయి.

వెలుగుతో తెర మీద బొమ్మ చూపి కథ చెప్పడం తెలుగువారికి కొత్త కాదు. తోలుబొమ్మలాటలో దీపం, తెర, బొమ్మ అన్నీ ఉన్నాయి. కథను నడిపే గొంతు మాత్రం తెర వెనుక మనిషిది. యూరప్‌లో క్రిస్టియాన్ హైగెన్స్ 1659 నాటికే మ్యాజిక్ లాంతరు కోసం బొమ్మలు గీశాడు. గాజు పలక మీది చిత్రాన్ని దీపం వెలుగుతో, కటకంతో గోడ మీద పెద్దది చేసే యంత్రం అది. 20వ శతాబ్దపు తొలి దశకాల్లో మన దేశంలో ఆరోగ్య ప్రచారానికి కూడా దాన్ని వాడారు. ఈ రెండింటిలోనూ తెర మీద ఉన్నది బొమ్మే. అక్షరం తెరను ఆక్రమించింది ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్ వచ్చాక. పారదర్శక షీటు మీద స్కెచ్ పెన్నుతో రాసి దీపం మీద పెడితే చాలు కాబట్టి, చిత్రం గీయడం రానివారు కూడా మాటలు రాసి చూపించగలిగారు. మాటలు పొడుగైతే వెనక వరసకు కనిపించవు. అందుకని వాక్యాలు కుదించారు. కుదించిన ప్రతి ముక్క ముందూ చుక్క పెట్టారు. అంటే చుక్క అలవాటు కంప్యూటర్ కన్నా ముందుదే.

ఆ అలవాటుకు సాఫ్ట్‌వేర్ ఇల్లు కట్టినవాడు రాబర్ట్ గాస్కిన్స్. కాలిఫోర్నియాలోని ఫోర్‌థాట్ అనే చిన్న సంస్థలో 1984లో ఆయన ఈ ఆలోచన ప్రతిపాదించాడు. డెనిస్ ఆస్టిన్, తరువాత థామస్ రడ్కిన్ ప్రోగ్రాము రాశారు. మొదట పెట్టిన పేరు ప్రెజెంటర్. అది ట్రేడ్‌మార్క్ చిక్కులో పడటంతో పవర్‌పాయింట్ అయింది. 1987 ఏప్రిల్‌లో మెకింటోష్ కంప్యూటర్ల కోసం తొలిరూపం వచ్చింది. అది నలుపు తెలుపులో ప్రొజెక్టర్ షీట్లు తయారు చేసి పెట్టే సాధనం మాత్రమే. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ 1.4 కోట్ల డాలర్లకు ఫోర్‌థాట్‌ను కొనుక్కుంది. 1990లో విండోస్ రూపం వచ్చింది. తరువాతి రూపాల్లో కొత్త స్లైడు తెరవగానే పైన శీర్షికకు ఒక గడి, కింద చుక్కల జాబితాకు ఒక గడి సిద్ధంగా కనిపించేవి. ఎంటర్ కొడితే కొత్త చుక్క, ట్యాబ్ కొడితే ఒక మెట్టు లోపలికి జరిగిన చిన్న చుక్క. రాసేవారు జాబితాను ఎంచుకోనక్కర లేకపోయింది. ఖాళీ గడిలో చుక్క ముందే కూర్చుని ఉండేది. బుల్లెట్ పాయింటు ప్రపంచమంతా పాకడానికి అసలు కారణం ఇదేనని చెప్పవచ్చు.

తెలుగునాట ఈ సాధనానికి రాజకీయ ప్రాచుర్యం తెచ్చినవారు చంద్రబాబు నాయుడు. ముఖ్యమంత్రిగా 1997లో మైక్రోసాఫ్ట్ అధినేత బిల్ గేట్స్‌ను కలిసినప్పుడు ఆయన ల్యాప్‌టాప్ మీద స్లైడ్లతో రాష్ట్రాన్ని పరిచయం చేశారు. మరుసటి ఏడాది హైదరాబాద్‌లో మైక్రోసాఫ్ట్ అభివృద్ధి కేంద్రం మొదలైంది. అక్కడి నుంచి "పవర్‌పాయింట్ ప్రజెంటేషన్" అన్న మాట తెలుగు పత్రికల్లో అనువాదం అక్కరలేని మాటగా స్థిరపడింది. 2016 మార్చి 31న తెలంగాణ శాసనసభలో ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు నీటిపారుదల ప్రాజెక్టుల మీద గంటల తరబడి ప్రజెంటేషన్ ఇచ్చారు. దాని రాజకీయ వాదాల మాట అటుంచితే, నదులను, ఆనకట్టలను పటాల మీద చూపించడం గమనించదగ్గది. నది ఎటు పారుతుందో చుక్క చెప్పలేదు, పటం చెబుతుంది.

చుక్క చెప్పలేనివి ఇంకా ఉన్నాయి. 1998లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో త్రీఎం కంపెనీ ప్రణాళికల గురించి గోర్డన్ షా, మరో ఇద్దరు రాసిన వ్యాసం ఈ లోపాన్ని తేల్చి చెప్పింది. జాబితా మూడు రకాల సంబంధాలనే చూపగలదు: ఏది ముందు ఏది వెనుక, ఏది ముఖ్యం, ఏవి ఒక గుంపులోవి. అదీ ఒకసారికి ఒక్క సంబంధాన్నే. దేనివల్ల ఏది జరిగింది, ఏ షరతు మీద జరుగుతుంది అన్నవి పంక్తుల మధ్య ఖాళీలో మిగిలిపోతాయి. చెప్పేవారికి ఆ ఖాళీలో ఏముందో తెలుసు, వినేవారు ఊహించుకోవాలి.

చుక్కల జాబితా ఎంత ప్రమాదకరం కాగలదో 2003లో కొలంబియా వ్యోమనౌక విషయంలో బయటపడింది. జనవరి 16న ప్రయోగ సమయంలో ఇంధన ట్యాంకు నుంచి ఊడిన నురుగు ముక్క ఎడమ రెక్కకు తగిలింది. నౌక ఇంకా అంతరిక్షంలో ఉండగానే ఇంజనీర్లు ఆ దెబ్బను అంచనా వేసి నాసా అధికారులకు స్లైడ్లు చూపించారు. వాటిలో ఒక స్లైడులోని పెద్దక్షరాల శీర్షిక ధైర్యం చెబుతున్నట్టు ఉంది. అసలు సంగతి స్లైడు అట్టడుగున, చిన్న చుక్క పక్కన ఉంది. పరీక్షల్లో వాడిన నురుగు ముక్క ఘనపరిమాణం 3 ఘన అంగుళాలు, నిజంగా తగిలిన ముక్కది 1920 ఘన అంగుళాలని అంచనా. అంటే 640 రెట్లు. పరీక్షలో పిడికిట్లో పట్టే ముక్క, రెక్కకు తగిలింది 31 లీటర్ల ముక్క. ఫిబ్రవరి 1న తిరుగు ప్రయాణంలో నౌక ముక్కలైంది. కల్పనా చావ్లాతో కలిపి ఏడుగురు మరణించారు. ఈ స్లైడును సమాచార రూపకల్పన నిపుణుడు ఎడ్వర్డ్ టఫ్టే విశ్లేషించాడు. సాంకేతిక నివేదికల స్థానాన్ని స్లైడ్లు ఆక్రమించడం తీవ్రమైన విషయమని ఆ ఆగస్టులో వచ్చిన దర్యాప్తు మండలి నివేదిక కూడా చెప్పింది. ప్రమాదానికి స్లైడు ఒక్కటే కారణమనడం అన్యాయం. కానీ ఏడు ప్రాణాలకు సంబంధించిన అంకె అట్టడుగు మాటలా కనిపించడానికి ఆ మెట్ల జాబితా దోహదం చేసింది. అందుకే మెట్లు రెండుకు మించనివ్వకూడదు. మూడో మెట్టు అవసరమనిపిస్తే ఆ సంగతికి వేరే స్లైడు, ముఖ్యమైనదైతే శీర్షిక స్థానమే ఇవ్వాలి.

ఎన్ని చుక్కలు ఉండాలన్న ప్రశ్నకు ఏడు అన్న అంకె తరచూ వినిపిస్తుంది. మనస్తత్వవేత్త జార్జ్ మిల్లర్ 1956 వ్యాసం నుంచి వచ్చిన అంకె అది. ఆయన రాసింది స్లైడ్ల గురించి కాదు. మరో మనస్తత్వవేత్త నెల్సన్ కోవన్ 2001లో, మనసు ఏకకాలంలో పట్టి ఉంచగలిగేవి నాలుగు దాకానేనని వాదించాడు. నాలుగైదు దగ్గర ఆగడం మంచిది. అంతకన్నా ముఖ్యం, తెర మీద ఉన్నదాన్నే అక్షరం పొల్లుపోకుండా చదవకపోవడం. కన్ను చదివే వేగం వేరు, నోరు పలికే వేగం వేరు. రెండూ ఒకే మాటల మీద పోటీ పడితే అవగాహన తగ్గుతుందని రిచర్డ్ మేయర్ తదితరుల ప్రయోగాలు చూపాయి.

తెలుగులో చిక్కు మరో రకంగా కూడా వస్తుంది. తెలుగు వాక్యంలో సంబంధమంతా క్రియ చివర ఉంటుంది. "వంశధార పొంగితే రోడ్డు మునుగుతుంది" అన్నది హెచ్చరిక. "వంశధార పొంగి రోడ్డు మునిగింది" అన్నది వార్త. రెండింటినీ చుక్కల్లోకి కుదిస్తే మిగిలేది ఒక్కటే: "వంశధారకు వరద, రోడ్డు ముంపు". ఇప్పుడు ఇసుక బస్తాలు పంపాలో పడవలు పంపాలో ఆ స్లైడు చెప్పదు. క్రియ పోయాక "-తే", "-నా", "-ఇ" అన్న తోకలన్నీ పోతాయి. వాటితో పాటే షరతు, మినహాయింపు, కాలక్రమం పోతాయి. వాటి స్థానంలో "లబ్ధిదారుల గుర్తింపు", "నిధుల మంజూరు", "మౌలిక సదుపాయాల కల్పన" లాంటి నామవాచకాల దండలు వచ్చి చేరతాయి. ఎవరు గుర్తిస్తారు, ఎప్పటికి, గుర్తించారా ఇంకా లేదా అన్నవేవీ అందులో ఉండవు.

శ్రీకాకుళం ప్రాంతంలోని పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టి, విజయనగరంలో చదివి, పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి, చదువు అర్థం కావాలంటే జనం మాట్లాడే భాషలో ఉండాలని జీవితమంతా పోరాడాడు. స్లైడు తెలుగుకు ఆ కొలత సరిగ్గా పనికొస్తుంది. చుక్క పక్కన రాసిన ముక్కను నోటితో పూర్తి వాక్యంగా చెప్పి చూడాలి. ఎవరైనా ఒకే రకంగా పూర్తి చేయగలిగితే ఉంచవచ్చు. నలుగురు నాలుగు రకాలుగా పూర్తి చేస్తే క్రియ రాయాల్సిందే. రాసేటప్పుడు అన్ని పంక్తుల ముగింపూ ఒకే తీరుగా ఉండాలి: అన్నీ "చేయండి" గానో, అన్నీ "చేయడం" గానో. ఒకటి "తరలించాలి", మరొకటి "పంపిణీ జరిగింది", ఇంకొకటి "శిబిరాలు" అయితే చీటీ చెదిరిపోతుంది. వరస ముఖ్యమైతే చుక్కకు బదులు అంకె పెట్టాలి.

లిపి సంగతీ ఉంది. కంప్యూటర్‌లో తెలుగుకు ఒకప్పుడు ఎవరి ఫాంటు వారిదే. ఒకచోట తయారైన స్లైడు ఆ ఫాంటు లేని మరో కంప్యూటర్‌లో అర్థంకాని రోమన్ గుర్తులుగా తేలేది. విండోస్ ఎక్స్‌పీతో 2001లో గౌతమి ఫాంటు, యూనికోడ్ తెలుగు వచ్చాక ఆ బాధ తగ్గింది. తెలుగు అక్షరం పైన గుడి, కింద వత్తు ఉంటాయి. ఇంగ్లీషుకు సరిపోయే వరస ఎడం పెడితే "శాస్త్రం" లోని వత్తులు కింది పంక్తి గుడులను తాకుతాయి. ప, వ; మ, య లాంటి జంటలు దూరానికి ఒకేలా కనిపిస్తాయి. కాబట్టి తెలుగు స్లైడులో అక్షరం పెద్దగా, ఎడం ఎక్కువగా ఉండాలి; అంటే మాటలు ఇంగ్లీషు స్లైడు కన్నా తక్కువ ఉండాలి.

ఎక్కడ చుక్క పనికిరాదో చెప్పడానికి శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం కన్నా బలమైన ఉదాహరణ దొరకదు. కవిటి, సోంపేట, కంచిలి, పలాస, వజ్రపుకొత్తూరు, మందస తదితర మండలాల్లో ఏళ్ళ తరబడి మూత్రపిండాల జబ్బు పీడిస్తోంది. మధుమేహం, రక్తపోటు లేనివారికీ వస్తోంది. దీని మీద "కారణాలు" అన్న శీర్షిక కింద భూగర్భజలం, సిలికా, ఎండలో పని, నొప్పి మాత్రలు, వంశపారంపర్యం అని ఐదు చుక్కలు పెడితే ఐదూ రుజువైనట్టు, సమాన బరువున్నట్టు కనిపిస్తాయి. నిజానికి ఏ ఒక్కటీ ఇదే కారణమని తేలలేదు; ఒకదాని మీద ఆధారం ఎక్కువ, మరోదాని మీద తక్కువ; రెండు మూడు కలిసి పనిచేస్తూ ఉండవచ్చు. "అనుమానిస్తున్నవి, ఇంకా తేలనివి" అని శీర్షిక మార్చి, ఒక్కోదాని పక్కన ఇప్పటికి తెలిసింది పూర్తి వాక్యంలో రాస్తే, అది రైతును తప్పుదోవ పట్టించని స్లైడు అవుతుంది.

తిత్లీ తుపాను లెక్క కూడా ఇంతే. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున గంటకు 140–150 కిలోమీటర్ల గాలులతో అది పలాస దగ్గర తీరం దాటింది. "నష్టం: కొబ్బరి, జీడి, వరి, కరెంటు స్తంభాలు" అన్న జాబితా తప్పేమీ కాదు, అందులో ఉన్నవన్నీ నిజంగా దెబ్బతిన్నవే. కానీ స్తంభం కొన్ని రోజుల్లో మళ్ళీ నిలబడుతుంది. వరి మరుసటి పంటకు వస్తుంది. కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది కాబట్టి తోట పోయిన ఇంటికి అన్నేళ్ళ ఆదాయం పోతుంది. ఈ చివరి వాక్యానికి చుక్కల వరసలో చోటు లేదు. నాలుగు పేర్లకు బదులు ఒక కాలరేఖ గీసి, ఏది ఎప్పటికి కోలుకుంటుందో చూపిస్తే అధికారికీ, రైతుకీ ఒకేసారి తెలుస్తుంది. మిగిలిన వివరం, అంకెలు, ఊళ్ళ పేర్లు కాగితం మీద అచ్చువేసి సమావేశానికి ముందే చేతికివ్వాలి.