రీల్స్ వద్దు... రీలు ముద్దు!

దసరా సెలవులు వచ్చాయంటే ఇంట్లో పిల్లల సందడి, దాంతోపాటే పెద్దవాళ్ల నోట ఒకటే మాట... ‘ఆ ఫోన్ పక్కన పెట్టరా!’. లాక్కుంటే అలుగుతారు. ఇస్తే తల ఎత్తరు. దీనికో మధ్యేమార్గం ఉంది. ఫోన్ ఇవ్వండి. కానీ వీడియోలు చూడటానికి కాదు, ఫొటోలు తీయడానికి. కాస్త పద్ధతిగా చేయిస్తే అదే ఫోన్ పిల్లల్ని మంచం మీద నుంచి లేపి పెరట్లోకి నడిపిస్తుంది.

భద్రాచలానికి ఎదురుగా, గోదావరి ఇవతలి ఒడ్డున ఉంటుంది సారపాక. వంతెన దాటితే రామాలయం. ఊళ్లో కాగితం మిల్లు. చుట్టుపక్కల సుబాబుల్, జామాయిల్ తోటలు, ఆ వెనక అడవి. ఇలాంటి ఊరికి సెలవుల్లో అమ్మమ్మ ఇంటికని వచ్చిన పదేళ్ల పిల్లకు గడప దాటకముందే ఎన్ని దొరుకుతాయో చూడండి. బతుకమ్మ కోసం చాటలో పోసిన తంగేడు పూలు, గునుగు పూలకు అద్దిన రంగు అంటుకున్న అమ్మమ్మ వేళ్లు, దండెం మీద చీరలోంచి వచ్చే ఎండ, తాతయ్య చెప్పుల పక్కన ముడుచుకు పడుకున్న పిల్లి... పెద్దవాళ్లు రోజూ చూస్తూ వదిలేసేవే. పిల్లలకు మాత్రం అవన్నీ కొత్తే.

కంటికి కావాల్సింది వెలుతురు

పిల్లల్లో దూరపు చూపు మందగించే హ్రస్వదృష్టి ప్రపంచమంతటా పెరుగుతోంది. బయట గడిపే సమయం తగ్గడమూ ఇందుకో కారణం. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒకటో తరగతి పిల్లల మీద మూడేళ్లపాటు ఓ అధ్యయనం జరిగింది. కొన్ని బడుల్లో రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట గడిపేలా చూశారు. మిగతా బడుల్లో మార్పేమీ చేయలేదు. మూడేళ్లయ్యాక చూస్తే మామూలు బడుల్లో 39.5 శాతం మందికి కొత్తగా హ్రస్వదృష్టి వచ్చింది. బయట గడిపినవారిలో అది 30.4 శాతమే. ఈ ఫలితాలు 2015లో వెలువడ్డాయి.

ఇంట్లో దీపాల వెలుతురు కొన్ని వందల లక్స్ ఉంటే, పగటిపూట బయట చెట్టు నీడలో కూడా వేలల్లో ఉంటుంది. ఆ వెలుతురుకు కంటి రెటీనాలో డోపమైన్ విడుదలవుతుందని, అది కనుగుడ్డు అతిగా సాగకుండా ఆపుతుందని నిపుణులు భావిస్తున్నారు. అందుకే ఫొటోల ఆట ఆరుబయట సాగాలి. పెరట్లో తిరిగి తీస్తే మేలు. తీసినవాటిని చీకటి గదిలో గంటలకొద్దీ చూస్తూ కూర్చుంటే ఆ మేలు దక్కదు.

తీసిందల్లా గుర్తుంటుందా?

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త లిండా హెంకెల్ కొందరిని మ్యూజియంలో తిప్పారు. కొన్ని వస్తువులను ఫొటో తీయమన్నారు, కొన్నింటిని ఊరికే చూడమన్నారు. మర్నాడు అడిగితే ఫొటో తీసినవే తక్కువగా గుర్తున్నాయి. కెమెరా చూసుకుంటుందిలే అని మనసు తప్పుకుందన్నమాట. అయితే వస్తువులో ఏదో ఒక భాగాన్ని జూమ్ చేసి తీసినప్పుడు జ్ఞాపకం తగ్గలేదు. ఏది తీయాలో ఆలోచించాల్సి వస్తే మనసూ అక్కడే ఉంటుంది.

2017లో వచ్చిన మరో పరిశోధనలో ఇంకో సంగతి తేలింది. ఇష్టంగా ఫొటోలు తీసినవారికి చూసినవి బాగా గుర్తున్నాయి, విన్నవి మాత్రం తగ్గాయి. కాబట్టి తాతయ్య కథ చెబుతున్నప్పుడు ఫోన్ కింద పెట్టాల్సిందే. ముందు కథ, తర్వాత ఫొటో.

ఫొటోలో ఉన్న మనసు

1990ల్లో చైనాలోని యునాన్ గ్రామీణ మహిళల చేతికి కెమెరాలిచ్చి, వాళ్లు తీసిన ఫొటోల ఆధారంగా ఆరోగ్య సమస్యలను వాళ్ల చేతే చెప్పించారు. ‘ఫొటోవాయిస్’ అనే ఈ పద్ధతిని తర్వాత చాలాచోట్ల పిల్లలతోనూ వాడారు. నేరుగా అడిగితే చెప్పలేనిది ఫొటో చూపిస్తూ చెప్పడం తేలిక.

గోదావరి ఒడ్డు ఊళ్లకు ఇది మరీ అవసరం. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. అలాంటి వరదను చూసిన పిల్లలు నది ఫొటో తీస్తే పెద్దవాళ్లకు అందులో అందం కనిపించొచ్చు. వాళ్ల మనసులో ఉన్నది భయం కావొచ్చు. అడిగితేనే తెలుస్తుంది. ‘వంకరగా తీశావేంట్రా?’ అనకండి. ‘ఇది ఎందుకు తీయాలనిపించింది?’ అనండి. చెప్పేది పూర్తిగా వినండి. ఆ భయం నిద్రకు, తిండికి, బడికి అడ్డుపడేంతగా ఉంటే పిల్లల వైద్యుణ్ని లేదా మానసిక నిపుణుణ్ని కలవండి.

ఇలా చేసి చూడండి

• పాత కెమెరా రీలులో 36 ఫొటోలే వచ్చేవి. రోజుకు అన్నే అని నియమం పెట్టండి. లెక్క ఉంటే ఆచితూచి తీస్తారు.
• నెట్ ఆపి ఫోన్ ఇవ్వండి. ఫొటోలతో పాటు ఊరు, చోటు నమోదయ్యే లొకేషన్‌నూ ఆపేయండి.
• రోజుకో అంశం ఇవ్వండి. ఒకరోజు పసుపు రంగువి, ఒకరోజు చేతులు, ఒకరోజు నీడలు.
• రాత్రి భోజనాలయ్యాక అందరూ కలిసి మూడు ఫొటోలు ఎంచండి. సెలవులు అయ్యేలోపు ఓ పది ప్రింట్ వేయించి అమ్మమ్మకు ఇప్పించండి.
• ఎవరి ఫొటో అయినా అడిగి తీయాలని నేర్పండి. వద్దంటే వద్దు. స్నానం చేస్తున్నవాళ్లవి, నిద్రపోతున్నవాళ్లవి అసలే వద్దు. పిల్లల ఫొటోలను పెద్దవాళ్లూ వాళ్లను అడగకుండా స్టేటస్‌లో పెట్టొద్దు.

జాగ్రత్తలు

వానలు వెళ్లే కాలం కాబట్టి కట్టెల మోపుల పక్కన, గడ్డివాముల్లో, పొదల్లో పాములుండొచ్చు. అక్కడికి ఒంటరిగా పంపొద్దు. నది ఒడ్డున, డాబా మీద ఫొటో కోసం వెనక్కి నడవడం ప్రమాదం. పక్కన పెద్దవాళ్లు ఉండాల్సిందే. సూర్యుణ్ని నేరుగా చూడొద్దని చెప్పండి. మెడ వంచకుండా ఫోన్‌ను కంటి ఎత్తులో, ముఖానికి జానెడు కంటే దూరంగా పట్టుకోవాలి. తెరను ముఖానికి దగ్గరగా తెచ్చుకుంటున్నా, దూరంగా ఉన్నవాటిని చూడటానికి కళ్లు చిట్లిస్తున్నా బడి తెరిచేలోపే ఒకసారి కంటి పరీక్ష చేయించండి.