అరియాంకుప్పం ఏట్లో లాంప్రే ఉందా?

పాములాంటి జిగట చేప వలలో పడితే చాలు, ఫొటో తీసి ‘రక్తం పీల్చే లాంప్రే’ అని పేరు పెట్టేస్తున్నారు. పుదుచ్చేరి దగ్గరి అరియాంకుప్పం ఏరు అరికమేడు పక్కగా పారి బంగాళాఖాతంలో కలుస్తుంది. ఉప్పునీరూ మంచినీరూ కలిసే ఇలాంటి చోట పొడవాటి చేపలు దొరకడం వింతేమీ కాదు.

అపోహ: పొడవుగా ఉండి, చేతిలోంచి జారిపోతే అది లాంప్రే.

వాస్తవం: అది మలుగు కావచ్చు, పుదుచ్చేరి తమిళులు విలాంగు అంటారు. ఒళ్లు కాదు, తల చూడాలి. లాంప్రేకి దవడలుండవు. గుండ్రటి నోటి నిండా గట్టి పళ్లు, తలపైన ఒకే ముక్కు రంధ్రం, కంటి వెనక పిల్లనగ్రోవి మీద ఉన్నట్టు వరసగా ఏడేసి మొప్ప రంధ్రాలు ఉంటాయి. పొలుసులు, జత రెక్కలు, ఎముకలు ఏవీ ఉండవు. మలుగుకి దవడలున్నాయి, తల వెనక రెండు రెక్కలున్నాయి, ఒక్కో పక్క ఒక్కటే మొప్ప చీలిక. బురదలో దాక్కునే మరో రకం చేపకి ఆ రెక్కలూ కనపడవు, జనం బోల్తా పడేది అక్కడే. వెల్లకిలా తిప్పండి: గొంతు కింద ఒకే చీలిక ఉంటుంది. ఇక యానాం వాళ్లెరిగిన బొమ్మిడాయికి వీపు మీద ముళ్ల వరస ఉంటుంది. దాని పులుసు తిన్నవాళ్లకి ఈ అనుమానమే రాదు.

అపోహ: నోటితో అతుక్కునేదల్లా లాంప్రే.

వాస్తవం: అక్వేరియంల నుంచి చెరువుల్లోకి చేరిన సక్కర్ చేప కూడా అతుక్కుంటుంది. కానీ దాని ఒంటినిండా గట్టి పలకలు. నాచు గీక్కుని తింటుంది.

అపోహ: ఇంత పెద్ద దేశంలో ఏదో ఒక నదిలో ఉండకపోదు.

వాస్తవం: మన నదుల్లో లాంప్రేలు లేవు. 40కి పైగా జాతుల్లో అత్యధికం ఐరోపా, ఉత్తర అమెరికా, సైబీరియా, జపాన్‌ల చల్లటి నీళ్లలో ఉన్నాయి. దక్షిణాన చిలీ, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ వైపు కొన్ని. నడుమ ఉష్ణమండలం దాదాపు ఖాళీ. మెక్సికోలో ఇంకాస్త దక్షిణానికి దిగినవి కూడా ఎత్తైన పీఠభూమి నీళ్లలోనే బతుకుతున్నాయి. చిక్కంతా పిల్లలతోనే. చూపులేని ఆ పిల్లలు ఏళ్ల తరబడి అడుగు మట్టిలో దాక్కుని, నీటిని వడగట్టుకుని తింటాయి. నీటి వేడి 30 డిగ్రీల దరిదాపులకు చేరితే తట్టుకోలేవు. భూమధ్యరేఖకు 12 డిగ్రీల దూరంలోని అరియాంకుప్పంలో వేసవి గడవడం వాటి తరం కాదు.

అయితే ఉష్ణమండలానికి దగ్గరలోని దక్షిణాఫ్రికాలో 36 కోట్ల ఏళ్ల నాటి లాంప్రే శిలాజం దొరికింది కదా? దొరికింది. 2006లో దానికి ప్రిస్కోమైజాన్ అని పేరు పెట్టారు. ఆ రోజుల్లో ఆ నేల దక్షిణ ధ్రువం వైపు ఉండేది.

అపోహ: లాంప్రేలన్నీ రక్తం తాగుతాయి.

వాస్తవం: సగానికి పైగా జాతులు పెద్దయ్యాక అసలేమీ తినవు, గుడ్లు పెట్టి చచ్చిపోతాయి. చెడ్డపేరు తెచ్చింది సముద్ర లాంప్రే. ఉత్తర అమెరికాలో వెల్లండ్ కాలువ దారి ఇవ్వగా 1921లో ఈరీ సరస్సులో కనిపించి, పై సరస్సులకు పాకి, ట్రౌట్ చేపలను దెబ్బతీసింది. 1958 నుంచి దాన్ని అణచడానికి మందు వాడుతున్నారు. ముఖ్యంగా పిల్లలు దాక్కునే వాగుల్లోనే ఆ మందు కలుపుతారు.