ధ్యేయవాక్యంలో "అందరూ" అంటే ఎవరెవరు?

ఏ ఆసుపత్రికి వెళ్లినా ఓపీ చీటీలు ఇచ్చే చోటో, మెట్ల దగ్గరో ఒక బోర్డు ఉంటుంది. ఆ ఆసుపత్రి ధ్యేయం దాని మీద రాసి ఉంటుంది. చాలాచోట్ల ఇంగ్లీషులోనే రాస్తారు కనుక చీటీ కోసం నిలబడినవారిలో చదివేవారు తక్కువ. చదివినా, "ప్రేమతో నాణ్యమైన సేవ" వంటి మాటలే. వాటిని కాదనేవారు ఉండరు, వాటివల్ల రేపు ఉదయం డ్యూటీలో మారేదీ ఉండదు. మన ఆసుపత్రి నర్సింగ్ విభాగానికి కొత్త ధ్యేయవాక్యం రాయడానికి కూర్చున్నప్పుడు అలాంటి బోర్డు మరొకటి వద్దని మేము ముందే అనుకున్నాము.

ఇందుకు మన ప్రాంతానికి సంబంధించిన మంచి ఉదాహరణే ఒకటి ఉంది. హైదరాబాదులో 1987లో మొదలైన ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి పేరు మీలో చాలామంది విన్నదే. సినీ దర్శక నిర్మాత ఎల్.వి. ప్రసాద్ గారు ఇచ్చిన స్థలం, విరాళంతో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు దానిని స్థాపించారు. "అందరూ చూడగలగాలి" అనే అర్థం వచ్చే చిన్న మాటను ఆ సంస్థ తన ధ్యేయంగా పెట్టుకున్నది. వినడానికి తేలికే గానీ, అందులోని "అందరూ" అన్న ఒక్క మాట ఆసుపత్రిని ఊరికే కూర్చోనివ్వదు. డబ్బు లేనివారు కూడా అందరిలోకే వస్తారు, కనుక వారికి ఉచితంగా చూడాలి. బస్సెక్కి హైదరాబాదు దాకా రాలేని ముసలమ్మ కూడా అందరిలోకే వస్తుంది. మరి ఆమె ఎక్కడ ఉన్నదో ఎవరికి తెలుసు?

అది తెలుసుకోవడానికే 1996 నుంచి 2000 దాకా వారు పెద్ద సర్వే చేశారు. హైదరాబాదు, పశ్చిమ గోదావరి, మహబూబ్‌నగర్‌లతో పాటు మన ఆదిలాబాద్ జిల్లాను కూడా తీసుకున్నారు. ఆసుపత్రికి వచ్చినవారిని లెక్కపెట్టడం కాదు, ఊళ్లలో ఇళ్లకు వెళ్లి పేర్లు రాసుకుని 10,293 మందికి కళ్లు పరీక్షించారు. నూటికి 1.84 మందికి, అంటే వెయ్యి మందిలో సుమారు 18 మందికి అంధత్వం ఉన్నట్టు తేలింది. వారిలో నూటికి 60 మందికి కారణం శుక్లం, లేదా సరైన కళ్లద్దాలు లేకపోవడం. ఒక ఆపరేషన్‌తోనో, ఒక జత అద్దాలతోనో చూపు తిరిగి వచ్చేవారన్నమాట.

ఆదిలాబాద్ జిల్లా ముధోల్‌లో (2016 నుంచి ఇది నిర్మల్ జిల్లా) 1990లలోనే ఆ సంస్థ గ్రామీణ కంటి ఆసుపత్రిని తెరిచింది. తరువాత సుమారు 50,000 జనాభాకు ఒక చిన్న కంటి కేంద్రం, అలాంటివి పదింటికి ఒక ఆపరేషన్ ఆసుపత్రి అన్న లెక్క ఏర్పడింది. చిన్న కేంద్రాల్లో పనిచేయడానికి ఇంటర్ చదివిన స్థానిక యువతీయువకులకు ఏడాది శిక్షణ ఇచ్చారు. ఈ ఏర్పాటంతా ఆ చిన్న మాటలోనుంచే వచ్చిందని మా అభిప్రాయం.

ధ్యేయానికి గడువు పెట్టవచ్చా అన్నది మాలో చాలాసేపు నలిగింది. నివారించగల అంధత్వాన్ని 2020 నాటికి లేకుండా చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఇతర సంస్థలు 1999లో "విజన్ 2020" ప్రకటించాయి. 2020 వచ్చింది, పోయింది. ముందే అడ్డుకోగలిగిన, లేదా ఇంకా వైద్యం అందని చూపు లోపంతో కనీసం 100 కోట్ల మంది ఉన్నారని ఆ సంస్థే 2019లో చెప్పింది. అయితే మన దేశంలో అంధత్వం 2006-07 సర్వేలో నూటికి 1 ఉండగా, 2015-19 సర్వే నాటికి 0.36కు తగ్గింది. గడువు, లెక్క రెండూ పెట్టుకున్నారు కాబట్టే ఎంత జరిగిందో, ఎంత మిగిలిందో చెప్పగలుగుతున్నాము. మన రాష్ట్రంలో 2018 ఆగస్టు 15న మొదలైన కంటి వెలుగులో కళ్లద్దాలు తీసుకున్నవారు మీలో కూడా ఉండే ఉంటారు.

ఇక మన సంగతి. మా చిత్తు ప్రతిలో ఇప్పటికి నిలిచిన వాక్యం ఇది: "మన దగ్గర ప్రసవమైన ప్రతి తల్లిని, ప్రతి బిడ్డను 42 రోజుల దాకా మనం విడిచిపెట్టము." "ప్రతి" అనే మాట దగ్గరే తగువు వచ్చింది. ఒక్కరు తప్పినా వాక్యం అబద్ధమవుతుందని కొందరు సిస్టర్ల భయం. డిశ్చార్జి కాగానే తల్లిగారింటికి వెళ్లేవారు ఎక్కువ. కరీంనగర్‌లో కాన్పయి మంచిర్యాలకో, ప్రాణహిత అవతల మహారాష్ట్రకో వెళ్లిన బాలింతను ఎట్లా వెదుకుతామని అడిగారు. భయం న్యాయమైనదే. అయినా ఆ మాట తీసేస్తే మిగిలేది పాత బోర్డే కనుక ఉంచాము. వాక్యం తెలుగులోనే ఉంటుంది. వార్డు ఆయమ్మలకు చదివి వినిపించి, అర్థమైందన్నాకనే రంగు వేయిస్తాము.

ప్రసవం తరువాత మొదటి రోజు, మూడో రోజు, రెండో వారం, ఆరో వారం తల్లీబిడ్డలను చూడాలి. ఇంటికి వెళ్లినవారికి ఫోన్ చేసే పని ఒక సిస్టరుకు అప్పగిస్తాము. ఎక్కువ రక్తస్రావం, జ్వరం, దుర్వాసనతో మైల, చూపు మసకబారేంత తలనొప్పి, బిడ్డ పాలు తాగకపోవడం, వీటిలో ఏది కనిపించినా మా ఫోన్ కోసం ఎదురుచూడక వెంటనే దగ్గరి ఆసుపత్రికి వెళ్లండి.

గర్భిణీ స్త్రీలున్న కుటుంబాలకు ఒక మనవి. ఇకమీదట కార్డు రాయించేటప్పుడు రెండు ఫోన్ నంబర్లు, రెండు ఊర్ల పేర్లు అడుగుతాము. ఒకటి అత్తగారిల్లు, రెండోది తల్లిగారిల్లు. విసుగుపడక రెండూ చెప్పండి.